మనం అన్న మాటకు సాక్షి

నాకు జీతమిచ్చేది తగాదాలు వినడానికి. నా తగాదాలు కావు, అమెరికావాళ్ళవి. హైడెల్‌బర్గ్‌లో ఒక పరిశోధన సంస్థలో వారానికి ఇరవై గంటల కొలువు నాది. పొద్దున్నే కాఫీ కలుపుకొని, హెడ్‌ఫోన్ తగిలించుకొని కూర్చుంటే, ఎక్కడో ఒహాయోలోనో ఆరిజోనాలోనో జనం ఒకరి మీద ఒకరు అరుచుకోవడం మొదలుపెడతారు. ఆ అరుపులకు నేను నంబర్లు వేస్తాను.

కొంచెం వివరంగా చెప్పాలి. అమెరికాలో ఊరివాళ్ళు తమ బడులు నడపడానికి ఐదారుగురితో ఒక బోర్డును ఎన్నుకుంటారు. ఆ బోర్డు కూర్చున్నప్పుడు ఊళ్ళో ఎవరైనా ముందుగా పేరు ఇచ్చి, మైకు ముందు మూడు నిమిషాలు మాట్లాడొచ్చు. మామూలు రోజుల్లో బస్సుల గురించో కారుతున్న పైకప్పు గురించో తప్ప ఎవరూ నోరు విప్పరట. కరోనా వచ్చాక ఆ మూడు నిమిషాల కోసం వరసలు కట్టారు. బడి తెరవాలని ఒక గుంపు, తెరిస్తే చస్తామని ఒక గుంపు. మాస్కు పెట్టాలని ఒకరు, పెట్టమనడానికి నువ్వెవడివని ఇంకొకరు. వీడియోలన్నీ ఊరి వెబ్‌సైట్లోనే ఉంటాయి. మేం వాటిని దింపుకొని, ఎవరు ఎవర్ని నమ్ముతున్నారు, ఎవర్ని నమ్మడం మానేశారు అని తేలుస్తాం. డాక్టర్లను, టీచర్లను, ప్రభుత్వాన్ని, చివరికి పక్కింటివాణ్ణి. జర్మనీవాళ్ళకు ఈ గోల ఎందుకని మీరు అడగొచ్చు. నేనూ అడిగాను. "ఇవాళ అక్కడ, రేపు ఇక్కడ" అంది మా పెద్దావిడ ఫ్రౌ లెహ్‌మన్.

నా పేరు అలివేలుమంగ. మాది తిరుపతి. ఈ దేశంలో అంత పేరు ఏ గంట పలకా మోయలేదు కాబట్టి తలుపు పక్కన 'ఎ. మంగ' అని ఉంటుంది. నాతో పాటు నంబర్లు వేసే యోహానెస్ మొదటిరోజు మాంగా అనే జపాన్ బొమ్మల పుస్తకాల గురించి ఎంతో ఉత్సాహంగా మాట్లాడాడు. పాపం, పేరు చూసి ఏదో అనుకున్నాడు. అతన్ని నేను ఇప్పటిదాకా కాళ్ళతో సహా చూడలేదు. జూమ్‌లో భుజాల దాకా చూశాను.

ఇది 2021 ఫిబ్రవరి మాట. నేనుండే వేగేలో, అంటే ముగ్గురం అద్దె పంచుకొనే ఇంట్లో, మూడు గదులు, ఒక వంటిల్లు. మిగతా ఇద్దరు జర్మన్ అమ్మాయిలు నవంబర్లో లాక్‌డౌన్ పెట్టగానే అమ్మానాన్నల దగ్గరికి వెళ్ళిపోయారు. అద్దె మాత్రం నెలనెలా కడతారు, ఫ్రిజ్‌లో వాళ్ళ అరలు ఖాళీగా ఉంటాయి. జనవరి నుంచి కొత్త నిబంధన: ఒక ఇంటివాళ్ళు, బయటి మనిషి ఒక్కరు, అంతకుమించి కలవకూడదు. నిబంధన ప్రకారం ఆ ఒక్కర్ని రోజూ మార్చుకోవచ్చు. కానీ అందరూ ఎవరికి వాళ్ళు ఒకర్ని ఖాయం చేసుకున్నారు. నన్ను ఎవరూ ఖాయం చేసుకోలేదు. అడగలేదని కోపం కూడా లేదు నాకు, అడిగేంత దగ్గరగా ఎవరున్నారు గనక. సూపర్ మార్కెట్లో కౌంటరావిడ "బిల్లు కావాలా?" అని అడిగితే ఆ రోజుకు నాతో ఒక మనిషి మాట్లాడినట్టు. అందుకని వద్దనుకున్నా కావాలనేదాన్ని, ఇంకో మాట కలుస్తుందని.

అలాంటి రోజుల్లో నాకు కావలసిన మనిషి ఒక్కతే. సంయుక్త. ఆమెను నేనే పోగొట్టుకున్నాను.

తిరుపతి హాస్టల్లో నాలుగేళ్ళు ఒకే గది మాది. ఒకే బకెట్టు, ఒకే ఇస్త్రీపెట్టె, పరీక్షలప్పుడు ఒకే టెక్స్ట్‌బుక్కు మధ్యకు చింపుకొని చెరో సగం. పెళ్ళయ్యాక ఆమె ఒహాయో వెళ్ళింది, నేను ఇంకెన్నో చోట్ల తిరిగి ఇక్కడ తేలాను. ప్రతి ఆదివారం ఫోన్. ఆమెకు కౌశల్ అని ఏడేళ్ళ కొడుకు. మొన్న సెప్టెంబర్లో ఒక ఆదివారం అంది: "బడి తెరవకపోతే వీడు నాకు దక్కడే. పొద్దస్తమానం ఆ లాప్‌టాప్ ముందే. తెరవమని పోయి అడగాలనుకుంటా ఉండా."

ఆ వారమంతా నేను విన్న వీడియోలు మరీ ఘోరమైనవి. ఒక దాంట్లో చనిపోయిన టీచర్ల పేర్లు చదువుతుంటే వెనక ఎవడో నవ్వాడు. ఆ నవ్వు నా చెవుల్లోంచి పోలేదు. ఆ కోపం అతని మీద చూపించలేక నా స్నేహితురాలి మీద చూపించాను.

"నువ్వు అచ్చం నాలుగు-బి లాగ మాట్లాడతా ఉండావే" అన్నాను.

"నాలుగు-బినా? అంటే ఏంది?" అని నవ్వింది.

నంబర్లు వేసేందుకు మాకిచ్చిన పుస్తకంలో దాని నిర్వచనం ఉన్నదున్నట్టు చెప్పాను. తనవాళ్ళ మేలు కోసం ఊరివాళ్ళ ప్రాణాలను లెక్కచేయని వాదన. "రోజుకు నలబై మందిని వింటా ఉండా ఇట్లాంటోళ్ళను" అని కూడా అన్నాను. అక్కడితో ఆగొచ్చు కదా, ఆగలేదు.

"నాక్కూడా నంబరేసినావా అలివేలూ" అంది. ఫోన్ పెట్టేసింది.

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నాకు నోరూ లేదు, ఊరూ లేదు. ఐదు నెలలు ఆమె చేయలేదు, నేనూ చేయలేదు. ఆమె చేస్తే మాట్లాడదామని నేను. చెరువు మీద అలిగినవాడి సామెత మీకు తెలిసే ఉంటుంది. మిగతాది ఇక్కడ రాయడం బాగుండదు.

ఇంతలో, జనవరిలో, ఉద్యోగంలో ఒక చిక్కు వచ్చింది. ఒక్కో వీడియోను నేనూ యోహానెస్ విడివిడిగా విని నంబర్లు వేస్తాం. ఇద్దరివీ నూటికి ఎనభై కలవాలి. అన్ని గడుల్లోనూ కలిశాయి, ఏడో గడి తప్ప. మాట్లాడే మనిషి 'వీ' అన్నప్పుడు ఎవర్ని కలుపుకొని అంటున్నారు అన్నది ఏడో గడి. ఊరందర్నీ కలుపుకుంటే ఏడు-ఎ, తన గుంపును మాత్రమే అంటే ఏడు-బి. ఆ ఒక్క గడిలో మా ఇద్దరికీ నూటికి యాభై ఒకటి కలిసింది. బొమ్మాబొరుసు వేసినా అంతే వస్తుంది.

"మీరు ఎలా నిర్ణయిస్తున్నారు?" అని ఫ్రౌ లెహ్‌మన్ జూమ్‌లో అడిగింది.

"తెలుగులోకి మార్చుకుంటాను" అన్నాను.

నిజంగానే నేను చేస్తున్నది అదే, అడిగేదాకా నాకే తెలియదు. ఎవరైనా 'వీ' అనగానే నా లోపల అది మనం అనో మేము అనో పడుతుంది. గొంతును బట్టి, చూపును బట్టి, ఆ మాటకు ముందు తీసుకున్న ఊపిరిని బట్టి. మనం అని పడితే ఏడు-ఎ, మేము అని పడితే ఏడు-బి. ఎప్పుడూ తడుముకోలేదు. "ఇంగ్లీషుకూ మీ భాషకూ ఒక్కటే మాట. మాకు రెండున్నాయి. విన్న మనిషి లోపలున్నాడా బయటున్నాడా అన్నది ముందే చెప్పేస్తాం" అన్నాను.

ఆమె కళ్ళద్దాలు తీసి, చాలా అందంగా ఉంది అని రాసుకుంది. రాసుకొని, రేపటి నుంచి అలా చేయొద్దంది. 'అందరం' అని నోటితో అంటేనే ఎ, లేకపోతే బి. ఊపిరులకు సాక్ష్యం ఉండదు కదా అంది. సరేనన్నాను. జీతం వాళ్ళది.

ఫిబ్రవరి పదో తేదీ. నా తెర మీద ఒహాయోలో ఒక చిన్న ఊరు, హైస్కూల్ జిమ్, మనిషికీ మనిషికీ మధ్య ఆరడుగుల దూరంలో కుర్చీలు. కుడిపక్క మాస్కులవాళ్ళు, ఎడమపక్క మాస్కుల్లేనివాళ్ళు, పెళ్ళిలో ఆడపెళ్ళివారూ మగపెళ్ళివారూ కూర్చున్నట్టు. పదమూడో మనిషిని పిలుస్తూ బోర్డు అధ్యక్షురాలు పేరు చదవలేక మూడుసార్లు తడబడింది. "సామ్... సామ్‌యూక్..." చివరికి "సామ్" అని వదిలేసింది. ఒక ఆడమనిషి లేచి మైకు దగ్గరికొచ్చింది. నీలం మాస్కు పైన కళ్ళు మాత్రమే కనపడుతున్నాయి. గొంతు వినపడగానే నా చేతిలో కాఫీ కప్పు బల్ల మీద పెట్టేశాను.

ఇంగ్లీషులో మాట్లాడింది సంయుక్త. కాగితం లేదు. తన కొడుకు రెండో తరగతి అనీ, పది నెలలుగా తెర ముందే ఉన్నాడనీ చెప్పింది. "ఇంట్లో అన్నం తినేటప్పుడు కూడా చెయ్యెత్తి కూర్చుంటున్నాడు. నేను పేరు పిలిస్తేనే మాట్లాడతాడు. దయచేసి బడి తెరవండి" అంది. ఎడమపక్కవాళ్ళు లేచి చప్పట్లు కొట్టారు. ఆమె అక్కడితో కూర్చుంటే హారతి పట్టేవాళ్ళు. కూర్చోలేదు. "ప్రతి పిల్లాడికీ మాస్కు పెట్టండి. కిటికీలు తెరవండి. భయపడే టీచర్లుంటే ఇంట్లో ఉండనివ్వండి, జీతం కోయకండి" అంది. ఎడమపక్క చప్పట్లు మధ్యలోనే ఆగిపోయి గొణుగుడు మొదలైంది. కుడిపక్కవాళ్ళు ఆమె మొదట అన్న మాటను ఇంకా క్షమించలేదు, చేతులు కట్టుకొని చూస్తున్నారు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. ఆ జిమ్‌లో రెండు వందల మందిలో ఒక్కరు కూడా ఆమె వైపు లేరు.

"వీ కెన్ డూ దిస్" అంది చివరగా.

"వీ అంటే ఎవరమ్మా?" అని వెనక నుంచి ఒక మగగొంతు అరిచింది. కొందరు నవ్వారు. ఆశ్చర్యం, రెండు పక్కలవాళ్ళూ నవ్వారు.

సంయుక్త వెనక్కి తిరిగి చూసింది. నోరు తెరిచింది. ఇంగ్లీషు రాలేదు. మైకు ఇంకా ఆమె గడ్డం దగ్గరే ఉంది.

"మనం అన్నా కదయ్యా... మేము అన్లేదే" అంది.

అచ్చ తెలుగులో. తెర కింద అక్షరాలు పడ్డాయి: విదేశీ భాషలో మాట్లాడుతున్నారు. ఇంకా యాభై సెకన్లు మిగిలి ఉన్నాయి. ఆమె థాంక్యూ చెప్పి, తలొంచుకొని వెళ్ళి, ఒంటరి కుర్చీలో కూర్చుంది. పద్నాలుగో మనిషిని పిలిచారు.

ఆ వీడియో పదకొండు సార్లు చూశాను. ఆ హాల్లో ఒక్కరికీ అర్థం కాని మాట, సముద్రం ఇవతల నా ఒక్కదానికి అర్థమైంది. సిగ్గేసింది. ఆ అరిచినవాడు ఒక్కసారైనా అడిగాడు. ఐదు నెలల కిందట నేను అడగను కూడా అడగలేదు, నంబరేసేశాను.

వెంటనే ఫోన్ చేయాలి కదా? చేయలేదు. మాకు ఎవరింటికైనా ఖాళీ చేతులతో వెళ్ళే అలవాటు లేదు. అంత మాట అన్నదాన్ని, 'చూశాను' అని చెప్పి ఊరుకుంటే ఏం బాగుంటుంది? ఆమె అన్నది అన్నట్టు మా లెక్కలో రాయించి, అప్పుడు చేద్దామనుకున్నాను. నీ మాట పోలేదే, ఇదిగో రాశాం అని చెప్పాలనుకున్నాను.

కానీ మా పన్నెండో నిబంధన ఒకటుంది. మాట్లాడే మనిషి తెలిసినవాళ్ళయితే చెప్పి తప్పుకోవాలి. తప్పుకున్నాను. ఈ దేశంలో నిబంధన అంటే నిబంధనే, నాకూ ఆ గాలి సోకింది. వీడియో ఒక్క యోహానెస్‌కే మిగిలింది. మర్నాడు అతని నంబర్లు చూశాను. ఏడు-బి. తెలుగు వాక్యం దగ్గర 'వర్తించదు'. నాలుగో గడిలో బి.

నేను కోపంలో అన్న మాటను అతను ప్రశాంతంగా, పుస్తకం ప్రకారం రాశాడు. అతని తప్పేం లేదు. కొడుకు కోసం బడి తెరవమన్నది, అంతేగా. మాస్కుల గురించి, జీతాల గురించి అన్నది 'అదనపు సూచనలు' అనే గడిలో పడింది.

ఫ్రౌ లెహ్‌మన్‌కు అభ్యంతరం రాసి పంపాను. ఆ తెలుగు వాక్యానికి ఇంగ్లీషు అనువాదం జతచేశాను. గంటలో జవాబొచ్చింది: "ప్రియమైన మంగ గారూ, మీ అనువాదంలో పొరపాటు దొర్లినట్టుంది. రెండు చోట్లా ఒకే మాట ఉంది. 'నేను వీ అన్నాను, వీ అనలేదు.' దయచేసి సరిచూడండి."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఖాళీ వంటింట్లోకి వెళ్ళి పైకి చదువుకున్నాను. ఆమె అన్నది నిజమే, ఇంగ్లీషులో అది పొరపాటే.

జూమ్‌లో వివరించాను. ఇరవై నిమిషాలు. ఆమె తెలివిగల మనిషి, రెండో నిమిషంలోనే గుర్తుపట్టింది. "ఆ రెండు మాటలు! జనవరిలో చెప్పారు కదా. అయితే ఈమె ఊరందర్నీ కలుపుకొనే అన్నదన్నమాట, నోటితోనే చెప్పింది కూడా" అంది. నా ప్రాణం లేచి వచ్చింది. "అవును, మార్చేయొచ్చు కదా?" అన్నాను.

"మీరు ఆమె స్నేహితురాలు. ఆ భాష మాకెవరికీ రాదు. మీ ఒక్కరి మాట మీద ఎలా మార్చను?"

"మీరు నన్ను నమ్మడం లేదా?"

"మిమ్మల్ని నమ్ముతున్నాను, మంగ గారూ. కానీ నమ్మకం సరిపోదు."

రెండేళ్ళుగా నమ్మకం మీద పరిశోధన చేస్తున్న మనిషి ఆ మాట అని, తను ఏమందో తనకే వినపడి, ఒక్క క్షణం ఆగింది. తర్వాత తన దారికే వచ్చింది. ఆ వాక్యాన్ని విని ఇంకొక తెలుగు మనిషి, ఆమెతో ఏ సంబంధమూ లేనివాళ్ళు, అనువాదం సరైనదేనని పేరు, చిరునామా రాసి సంతకం పెడితే మారుస్తానంది. శుక్రవారం లోపల. ఆ తర్వాత లెక్కలు మూసేస్తారు.

తెలుగువాళ్ళు ఈ దేశంలో వేలమంది ఉన్నారు. చనువుగా సంతకం అడగగలిగినవాళ్ళు నాకు ఒక ఇంటివాళ్ళే. రవీంద్రనాథ్ గారు, కౌసల్య గారు. గుంటూరువాళ్ళు, ఐటీ ఉద్యోగాలు, ఎస్-బాన్ రైల్లో పావుగంట దూరంలో వీస్‌లోఖ్‌లో ఇల్లు. దసరాకు ఒకసారి పిలిచి భోజనం పెట్టారు. ఫోన్ చేస్తే కౌసల్య గారు సంతోషంగా, "రామ్మా, రా. బయట నడుద్దాం, నువ్వొక్కదానివే కాబట్టి రూల్ కూడా సరిపోతుంది" అంది. బుధవారం మధ్యాహ్నం వెళ్ళాను. మనుషుల పక్కన నడవడం మర్చిపోయినట్టున్నాను, మాటిమాటికీ ముందుకు వెళ్ళిపోయి ఆగాల్సి వచ్చింది. వాళ్ళ నాలుగేళ్ళ పాప నన్ను చూసి, "మామా, వేర్ ఇస్ట్ దస్?" అంది. ఎవరమ్మా ఈమె అని. "ఆంటీ, మన ఆంటీ" అంది కౌసల్య గారు. ఆ మాట విని నేను వాతావరణం గురించి ఏదో మాట్లాడాను.

బెంచీ మీద కూర్చొని ఫోన్‌లో ఆ వీడియో చూపించాను. భార్యాభర్తలిద్దరూ చెరో ఇయర్‌ఫోన్ పెట్టుకొని మొత్తం చూశారు.

"పాపం, తెలుగమ్మాయే" అంది కౌసల్య గారు.

"ఈవిడ ఏ పార్టీ?" అన్నారు రవీంద్రనాథ్ గారు.

"ఏ పార్టీ కాదండీ. చూశారు కదా, చివరికి రెండు పక్కలా ఎవరూ చప్పట్లు కొట్టలేదు."

"ఏదో ఒకటి అయ్యుంటుంది కదమ్మా. అక్కడ ఏ పార్టీ కాకుండా ఎవరూ మైకు పట్టుకోరు. మా తమ్ముడు న్యూజెర్సీలో ఉన్నాడు, వాడూ నేనూ ఎలక్షన్ల కాడి నుంచి మాట్లాడుకోవట్లేదు."

"పార్టీకి సంతకం కాదండీ. ఆమె మనం అన్నదా, మేము అన్నదా, అంతే."

కాగితం రవీంద్రనాథ్ గారి చేతిలోంచి కౌసల్య గారి చేతిలోకి వెళ్ళింది. పేరు రాయాల్సిన గీత, చిరునామా రాయాల్సిన గీత రెండూ చూసింది. నిజం చెప్పాలంటే ఆమె చాలా ఇబ్బందిపడింది. మంచి మనిషి. "మాకెందుకమ్మా ఇవన్నీ" అంది చివరికి. "బ్లూ కార్డు వీసా మీదున్నాం. రేపు ఇంకో దేశానికి అప్లై చేస్తాం, అమెరికానే కావచ్చు. మా పేరు ఎక్కడో అమెరికా పాలిటిక్స్‌లో కనపడిందంటే... ఏమీ అనుకోకు."

అనుకోనన్నాను. ఆమె సంచీలోంచి ఒక డబ్బా తీసి ఇచ్చింది. నిమ్మకాయ పులిహోర, ఇంకా వెచ్చగా ఉంది. ఎస్-బాన్‌లో దాన్ని ఒళ్ళో పెట్టుకొని కూర్చున్నాను. డబ్బాలో పెట్టిన చెయ్యే కాగితం మీద పెట్టి ఉంటే ఎంత బాగుండేది అనుకున్నాను. తప్పే, కానీ అనుకున్నాను.

గురువారం ఊరికే గడిచింది. శుక్రవారం సాయంత్రం నాలుగింటికి ఫ్రౌ లెహ్‌మన్ నుంచి రెండు వాక్యాలు వచ్చాయి. లెక్కలు మూసేశారు. నా సహకారానికి కృతజ్ఞతలు. ఒహాయోలో అప్పుడు పొద్దున పది. ఖాళీ చేతులతోనే ఫోన్ చేశాను.

మొదటిసారి తీయలేదు. రెండోసారి చివరి రింగులో తీసింది.

"చెప్పు" అంది.

చెప్పాను. ఊపిరి తీసుకోకుండా అంతా చెప్పాను. నా పని, ఆ జిమ్, నీలం మాస్కు, పేరు పలకలేని అధ్యక్షురాలు, విదేశీ భాష అని పడ్డ అక్షరాలు.

"నువ్వు చూసినావా?"

"పదకొండు సార్లు చూసినా."

"సచ్చినాను" అంది మెల్లగా. "ఎవురూ చూళ్ళేదనుకుంటా ఉండానే నేను. ఆ రోజు కాడ్నుంచి ఈడ ఎవురూ పలకరించడంల్యా. మాస్కులోళ్ళు నన్ను ఆ పక్కోళ్ళ మనిషి అనుకుంటా ఉండారు, మాస్కుల్లేనోళ్ళేమో వీళ్ళ మనిషి అనుకుంటా ఉండారు. పక్కింటామె చెత్తబుట్ట బయట పెట్టేదానిక్కూడా నేను లోపలికి పోయినాకే వస్తాది. ఇంట్లో ఆయనేమో నీకెందుకు ఆ మైకు అంటాడు. ఆ దినం వెనక నుంచి ఆయప్ప అట్ల అడిగినప్పుడు నోట్లో ఇంగ్లీషు రాలేదే. ఎవురితో చెప్తా ఉండానో నాకే తెలీలేదు."

ఫోన్ చెవికి ఇంకా దగ్గరగా పెట్టుకున్నాను.

"ఇంతకూ నాకేం నంబరేసినారు?" అంది.

అబద్ధం చెప్పొచ్చు. ఆ కాగితాలు ఆమె జన్మలో చూడదు.

"నాలుగు-బి" అన్నాను.

ఫోన్ పెట్టేస్తుందనుకున్నాను. పెట్టేస్తే ఇక నాకు ఎవరూ లేరు, ఆ సంగతి అంత స్పష్టంగా అంతకుముందు ఎప్పుడూ తెలియలేదు.

"నువ్వేసినావా?"

"నేనెయ్యలే. ఇంకొకాయన. నీ మాట మార్పిద్దామని చానా తిరిగినానే. సాక్షి కావాలన్నారు. దొరకలేదు."

"ఇంకొకాయన రాసినాడు, నువ్వు నోటితో అంటివి. రెండూ ఒకటే గదా నాకు."

"ఒకటే" అన్నాను. "నేనన్నదే ఎక్కువ. ఆయప్పకు నువ్వు తెలీదు, నాకు తెలుసు. తెలిసి అన్నాను."

ఎవరో వాళ్ళ ఇంటి ముందు మంచు ఎత్తిపోస్తున్న చప్పుడు వినపడుతోంది. పార నేలను గీకుతోంది, ఆగుతోంది, మళ్ళీ గీకుతోంది. చివరికి ఆమె ముక్కు ఎగబీల్చుకుంది.

"పోనీలే" అంది. "ఆ కాగితంలో ఏముంటే మనకెందుకులేవే."

వేల మంది నోట 'వీ' అనగా విన్నదాన్ని. ఈ ఒక్క మాటకు తట్టుకోలేకపోయాను. బల్ల మీద తల పెట్టుకొని ఏడ్చాను. ఏడుపు అటు వినపడకూడదని ఫోన్ దూరంగా పట్టుకున్నాను, వినపడే ఉంటుంది. మళ్ళీ చెవికి పెట్టుకునేసరికి ఆమె "అలివేలూ, అలివేలూ" అని పిలుస్తోంది.

"ఏమన్నావు? ఇంకోసారి చెప్పు" అన్నాను.

"ఏందే, లైను సరిగ్గా లేదా?"

"లైను బాగానే ఉంది. నువ్వు చెప్పు."